ఎస్ఎన్ఎంపీవీ3: అన్ని స్విచ్‌లకూ ఒకే ఇంజిన్ ఐడీ పెట్టాక డివైస్‌లు ఎందుకు డౌన్ చూపిస్తున్నాయి?

మీ సమస్య నాకు అర్థమైన మేరకు ఇదీ. ఒకే రకం స్విచ్‌లు నలభై ఉన్నాయి. మొదటిదానిలో ఎస్ఎన్ఎంపీవీ3 (నెట్‌వర్క్ డివైస్‌ల స్థితిని మానిటరింగ్ సర్వర్ అడిగి తెలుసుకునే ప్రోటోకాల్, మూడో వెర్షన్) యూజర్‌ను పెట్టారు, పని చేసింది. అదే కాన్ఫిగ్ కాపీ చేసి మిగతా ముప్ఫై తొమ్మిదిలో వేస్తే అన్నిటిలోనూ అథెంటికేషన్ ఫెయిల్. ఎవరో చెబితే మొదటి స్విచ్ ఇంజిన్ ఐడీనే (ఎస్ఎన్ఎంపీలో ఒక్కో డివైస్‌కు ఉండే గుర్తింపు) అన్నిటిలోనూ పెట్టారు, వెంటనే అన్నీ పని చేశాయి. వారం తిరక్కుండా మానిటరింగ్ సర్వర్‌లో చాలా స్విచ్‌లు డౌన్ అని రావడం మొదలైంది. పింగ్ వెళ్తోంది, ట్రాఫిక్ నడుస్తోంది. సర్వర్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుండి మళ్ళీ అదే కథ. దీనికి తోడు కొత్త లైనక్స్ మెషీన్ల నుంచి ట్రాప్‌లు (డివైస్ తనంతట తాను పంపే హెచ్చరికలు) రావడం లేదు. ఇంజిన్ ఐడీ దేన్నిబట్టి పెట్టాలి, ఐపీనా, మ్యాకా (నెట్‌వర్క్ కార్డు హార్డ్‌వేర్ అడ్రస్), సొంతంగా రాసుకోవాలా అని అడిగారు.

అన్నిటికీ ఒకటే పెట్టడం తప్పు. ఆ సలహా ఎలాంటిదంటే, ఒక తాళంచెవి పక్కింటి తలుపుకి పట్టలేదని వీధిలో తాళాలన్నీ ఒకే రకంవి వేయించినట్టు. తలుపులు తెరుచుకున్నాయి నిజమే. ఎందుకు తప్పో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా ప్రశ్నలకు జవాబులు మీకే తడతాయి.

చాలామంది ఇంజిన్ ఐడీని హోస్ట్‌నేమ్ లాంటి పేరు అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. నిజానికి అది పాస్‌వర్డ్‌తో పాటు కీ తయారీలో కలిసిపోయే సరుకు. ఆర్ఎఫ్‌సీ 3414లో (ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రోటోకాల్‌ల ప్రమాణ పత్రాలు) ఉన్న పద్ధతి ప్రకారం, మీరిచ్చిన పాస్‌వర్డ్‌ను మళ్ళీ మళ్ళీ పక్కపక్కన రాసుకుంటూ పోయి 10,48,576 బైట్ల పొడవు చేస్తారు, అంటే సరిగ్గా ఒక మెగాబైట్. దాన్ని ఎండీ5తోనో షా-1తోనో హ్యాష్ చేస్తే (అంటే వెనక్కి తిప్పలేని చిన్న ముద్రగా మారిస్తే) ఒక కీ వస్తుంది. ఇంతవరకూ ఏ డివైస్‌లో చేసినా ఫలితం ఒకటే. ఆ తర్వాతే అసలు పని: ఆ కీ, తర్వాత ఇంజిన్ ఐడీ, తర్వాత మళ్ళీ అదే కీ, ఈ మూడూ వరసగా పేర్చి ఇంకోసారి హ్యాష్ చేస్తారు. దీన్నే కీని లోకలైజ్ చేయడం అంటారు. డివైస్ దాచుకునేది ఈ చివరి కీనే, మీ పాస్‌వర్డ్‌ను కాదు.

ఇలా ఎందుకు చేశారంటే, నలభై స్విచ్‌లకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా, ఒక స్విచ్ ఎవరి చేతికో చిక్కి దానిలోని కీ బయటపడితే ఆ కీ మిగతా ముప్ఫై తొమ్మిదిటికి పనికిరాకూడదు. ఇంజిన్ ఐడీలు వేరువేరుగా ఉన్నంతవరకే ఈ రక్షణ. అన్నిటికీ ఒకటే పెడితే ఒక పాత స్విచ్ తుక్కులో పోయినా నెట్‌వర్క్ మొత్తం తాళంచెవి దానితోపాటు పోయినట్టే.

ఇప్పుడు మీ మొదటి తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. మొదటి స్విచ్ నుంచి కాపీ చేసిన కాన్ఫిగ్‌లో యూజర్ లైన్‌లో ఉన్నది పాస్‌వర్డ్ కాదు, లోకలైజ్ అయిపోయిన కీ. సిస్కో ఎన్ఎక్స్-ఓఎస్‌లో (సిస్కో డేటా సెంటర్ స్విచ్‌ల సాఫ్ట్‌వేర్) అయితే ఆ లైన్ చివర 'లోకలైజ్డ్‌కీ' అనే మాట కూడా ఉంటుంది, మనం చూడం అంతే. ఆ కీ మొదటి స్విచ్ ఇంజిన్ ఐడీతో తయారైంది. రెండో స్విచ్‌లో దాన్ని యథాతథంగా వేస్తే, మానిటరింగ్ సర్వర్ రెండో స్విచ్ ఇంజిన్ ఐడీతో ఇంకో కీ తయారు చేసుకుని వస్తుంది, రెండూ కలవవు. అప్పుడు స్విచ్‌లో పెరిగే ఎర్రర్ లెక్క పేరు 'రాంగ్ డైజెస్ట్స్'. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, ప్రతి స్విచ్‌లోనూ యూజర్‌ను మామూలు పాస్‌వర్డ్ ఇచ్చి కొత్తగా తయారు చేయడం. కీని తనకు తగ్గట్టు అదే చేసుకుంటుంది. ఇంజిన్ ఐడీని ముట్టుకోవాల్సిన అవసరమే లేదు.

ఇక రెండోది, డౌన్ చూపించడం. నా అనుభవంలో ఎక్కువమందిని రోజుల తరబడి తిప్పేది ఇదే.

ఎస్ఎన్ఎంపీవీ3లో పాత ప్యాకెట్‌ను పట్టుకుని మళ్ళీ పంపే ఆటలు సాగకుండా ఒక గడియారం ఉంది. ప్రతి ఇంజిన్‌కూ రెండు అంకెలు. ఒకటి ఇంజిన్ బూట్స్, అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు లేచింది. రెండోది ఇంజిన్ టైమ్, చివరిసారి లేచి ఎన్ని సెకన్లయింది. మానిటరింగ్ సర్వర్ ప్రతి ఇంజిన్ ఐడీకీ ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకుని, ప్రతి ప్రశ్నలోనూ వాటిని రాసి పంపుతుంది. స్విచ్ చూసి, బూట్స్ తన లెక్కతో సరిపోయి, టైమ్ తేడా 150 సెకన్లు దాటకపోతేనే ఒప్పుకుంటుంది. లేకపోతే 'నాట్ ఇన్ టైమ్ విండో' అనే రిపోర్ట్ తిప్పికొడుతుంది, అందులో తన సరైన అంకెలు రాసి. మామూలుగా అయితే సర్వర్ ఆ అంకెలు తీసుకుని సర్దుకుంటుంది, మనకు ఏమీ తెలియదు.

ఇక్కడే కిటుకు. సర్వర్ ముందుకే సర్దుకుంటుంది, వెనక్కి సర్దుకోదు. తన దగ్గరున్న బూట్స్ 41 అయితే, అదే ఇంజిన్ ఐడీ పేరుతో 12 అని జవాబు వస్తే అది పాత ప్యాకెట్, ఎవరో మోసం చేస్తున్నారు అని పారేస్తుంది. రూల్ ప్రకారం అదే సరైన పని.

ఇప్పుడు ఒకే ఇంజిన్ ఐడీ ఉన్న రెండు స్విచ్‌లు ఊహించుకోండి. మొదటిది 41 సార్లు లేచింది, రెండోది 12 సార్లు. సర్వర్‌కు అవి రెండు కాదు, ఒకటే ఇంజిన్. సర్వర్ రీస్టార్ట్ చేశారు, జ్ఞాపకం ఖాళీ. ముందుగా రెండోదాన్ని అడిగింది, 12 అని నేర్చుకుంది, పని జరిగింది. తర్వాత మొదటిదాన్ని 12తో అడిగింది, అది కాదు 41 అంది, సర్వర్ ముందుకు సర్దుకుంది, పని జరిగింది. రెండూ ఆకుపచ్చ. తర్వాతి రౌండ్‌లో రెండోదాన్ని 41తో అడిగింది. అది 12 అంది. సర్వర్ ఆ జవాబును పారేసింది. టైమ్‌అవుట్, డివైస్ డౌన్, మీ ఫోన్‌కు అలర్ట్. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుండటం వెనక ఉన్నది ఇదే.

మరి మొదటి వారం ఎందుకు నడిచింది అంటారా? నలభై స్విచ్‌లూ కొత్తవి, దాదాపు ఒకేసారి పవర్ ఆన్ చేసి ఉంటారు. బూట్స్ అన్నిటికీ ఒకటే, టైమ్‌లో తేడా 150 సెకన్ల లోపు. అంతవరకూ ఎవరూ ఎవరికీ అడ్డం రారు. ఆ వారంలో ఏదో ఒక స్విచ్ రీబూట్ అయి ఉండాలి, లాగ్ చూసుకోండి. దాని బూట్స్ ఒకటి పెరిగింది, సర్వర్ ఆ అంకె నేర్చుకుంది, ఆ క్షణం నుంచి మిగతా ముప్ఫై తొమ్మిదీ 'పాతవి' అయిపోయాయి. ఇలాంటి నెట్‌వర్క్‌లో చిత్రమేమిటంటే ఎక్కువసార్లు పడి లేచిన స్విచ్ ఒక్కటే ఎప్పుడూ ఆకుపచ్చగా ఉంటుంది, బుద్ధిగా నడిచేవన్నీ ఎర్రగా ఉంటాయి. కొన్ని మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఈ అంకెల్ని ఐపీ వారీగా దాచుకుంటాయి. అలాంటివి వాడేవాళ్ళకు డూప్లికేట్ ఇంజిన్ ఐడీలు ఏళ్ళ తరబడి బయటపడవు, సాఫ్ట్‌వేర్ మార్చిన రోజున ఒక్కసారిగా పడతాయి.

నేను ఈ గోతిలో పడింది స్విచ్‌లతో కాదు, వర్చువల్ మెషీన్లతో. ఒక మెషీన్‌లో నెట్-ఎస్ఎన్ఎంపీ (లైనక్స్‌లో మామూలుగా వాడే ఎస్ఎన్ఎంపీ సాఫ్ట్‌వేర్) చక్కగా సెట్ చేసి, దాన్నే ఇమేజ్‌గా తీసి పద్నాలుగు మెషీన్లు లేపాను. రెండు రోజులు ఫైర్‌వాల్‌ను తిట్టాను, సర్వర్‌లో థ్రెడ్‌లు పెంచాను, టైమ్‌అవుట్ పెంచాను. విచిత్రం ఏమిటంటే కమాండ్ లైన్ నుంచి అడిగితే పద్నాలుగూ జవాబిచ్చేవి! అవును మరి, కమాండ్ లైన్ టూల్ ప్రతిసారీ కొత్తగా పుడుతుంది, దానికి పాత జ్ఞాపకాలు ఉండవు. చివరికి ప్యాకెట్ క్యాప్చర్‌లో పద్నాలుగు ఐపీల నుంచీ ఒకే ఇంజిన్ ఐడీ కనబడి తల పట్టుకున్నాను. మీరు కూడా ఇదే గుర్తుపెట్టుకోండి: కమాండ్ లైన్‌లో బాగుండి, నిరంతరం నడిచే పోలర్‌లో (డివైస్‌లను పదేపదే అడిగే సర్వర్ ప్రోగ్రామ్) పడిపోతుంటే ముందు అనుమానించాల్సింది డూప్లికేట్ ఇంజిన్ ఐడీని.

వెతకడం కష్టం కాదు. 1.3.6.1.6.3.10.2.1.1.0 అనే ఓఐడీలో (ఎస్ఎన్ఎంపీలో ఒక్కో వివరానికి ఉండే నంబర్ చిరునామా) ఇంజిన్ ఐడీ ఉంటుంది, దాని పక్కనే 2.0తో ముగిసేది బూట్స్, 3.0తో ముగిసేది టైమ్. ఒక చిన్న స్క్రిప్ట్‌తో అన్ని డివైస్‌లనూ విడివిడిగా అడిగి, జవాబులు సార్ట్ చేసి, రెండుసార్లు వచ్చినవి చూడండి. యూజర్ పని చేయని డివైస్ అయితే వైర్‌షార్క్ (ప్యాకెట్‌లు పట్టి చూపించే టూల్) చాలు. మెసేజ్ లోపలి భాగం ఎన్‌క్రిప్ట్ అయినా ఇంజిన్ ఐడీ, బూట్స్, టైమ్, యూజర్ పేరు ఉన్న భాగం తెరిచే ఉంటుంది.

ఇప్పుడు అది ఎలా ఉండాలో. ఆర్ఎఫ్‌సీ 3411 ప్రకారం ఇంజిన్ ఐడీ పొడవు 5 నుంచి 32 బైట్లు. దాన్ని హెక్స్‌లో (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకూ పదహారు అంకెలతో) రాస్తారు. అన్నీ సున్నాలు ఉండకూడదు, అన్నీ ఎఫ్‌లు ఉండకూడదు, ఖాళీగా ఉండకూడదు. మొదటి నాలుగు బైట్లు కంపెనీ నంబర్, అయానా (ఇంటర్నెట్ నంబర్లు కేటాయించే సంస్థ) ఇచ్చేది. సిస్కోకి 9, జూనిపర్‌కి 2636, నెట్-ఎస్ఎన్ఎంపీకి 8072. ఆ నాలుగు బైట్లలో మొట్టమొదటి బిట్ 1 అయితే కొత్త పద్ధతి. అందుకే మీకు కనిపించే ఇంజిన్ ఐడీలు ఎక్కువగా 80తో మొదలవుతాయి. ఐదో బైట్ తర్వాత వచ్చేది ఏమిటో చెబుతుంది: 1 అయితే ఐపీవీ4 అడ్రస్, 2 అయితే ఐపీవీ6, 3 అయితే మ్యాక్, 4 అయితే మనం రాసిన అక్షరాలు, 5 అయితే మనం ఇచ్చిన బైట్లు, 128 నుంచి పైన కంపెనీ ఇష్టం. 4, 5 పద్ధతుల్లో మనకు 27 బైట్ల చోటు ఉంటుంది. కాబట్టి 80 00 00 09 03 అని మొదలైతే, సిస్కో డివైస్, తర్వాత ఆరు బైట్లూ మ్యాక్ అని చూడగానే చెప్పేయొచ్చు. మొదటి బిట్ 0 ఉన్న పాత పద్ధతిలో మొత్తం 12 బైట్లు, మొదటి నాలుగూ కంపెనీ నంబర్, మిగతా ఎనిమిదీ కంపెనీ సొంత లెక్క.

మీ అసలు ప్రశ్నకు నా అభిప్రాయం. విడివిడిగా ఉండే మామూలు స్విచ్‌లకు డిఫాల్ట్‌ను కదపకండి. మ్యాక్ నుంచి వచ్చే ఇంజిన్ ఐడీ దానంతట అదే ప్రత్యేకంగా ఉంటుంది, మీరు లెక్కలు రాసుకోనక్కర్లేదు, పొరపాటుకు చోటు లేదు. మీ నలభైకీ ఇదే చేయమంటాను. ఐపీ మీద ఆధారపడేది మాత్రం వద్దు. ఐపీ మారితే ఇంజిన్ ఐడీ మారుతుంది, ఇంజిన్ ఐడీ మారితే దాచుకున్న కీలన్నీ చెత్తబుట్టకే. ఒకే ప్రైవేట్ ఐపీ రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉండటం కూడా మామూలే, రెండిటినీ ఒకే సర్వర్ చూస్తుంటే మళ్ళీ డూప్లికేట్. జూనిపర్‌లో ఏమీ పెట్టకపోతే డిఫాల్ట్ ఐపీ నుంచి తీసుకుంటుంది, కనుక అక్కడ 'యూజ్-మ్యాక్-అడ్రస్' అని చెప్పడం నాకు అలవాటు.

సొంతంగా రాసుకోవాల్సింది ఎప్పుడంటే, పెట్టె మారినా గుర్తింపు మారకూడదు అనుకున్నప్పుడు. స్టాక్‌లో పెట్టిన (కొన్ని కలిసి ఒకే స్విచ్‌లా నడిచే) స్విచ్‌లు దీనికి మంచి ఉదాహరణ. స్టాక్ మాస్టర్ మ్యాక్ నుంచి ఇంజిన్ ఐడీ వస్తుంటే, మాస్టర్ పడిపోయి ఇంకో సభ్యుడు పగ్గాలు తీసుకున్నప్పుడు ఐడీ మారిపోయే ప్రమాదం ఉంది, సరిగ్గా అలర్ట్‌లు కావాల్సిన సమయానికే మానిటరింగ్ పోతుంది. రెండు ఫైర్‌వాల్‌ల జోడీలో ఇబ్బంది దీనికి తలకిందులు: కాన్ఫిగ్ సింక్‌లో ఇంజిన్ ఐడీ కూడా అటునుంచి ఇటు వచ్చేసి, రెండు పెట్టెలనూ విడివిడి ఐపీలతో పోల్ చేస్తుంటే ఒకటి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. జోడీలు ఉన్నవాళ్ళు ఒకసారి చెక్ చేసుకోండి.

రాసుకునేటప్పుడు నేను ఐదో పద్ధతి వాడి, మొత్తం సరిగ్గా 12 బైట్లు వచ్చేలా చూస్తాను. ఉదాహరణకు సిస్కోలో: 80 00 00 09 05 00 00 00 12 04 02 17. మొదటి ఐదు బైట్లూ పైన చెప్పినవే, చివర 12 అనేది సైట్ నంబర్, 04 ర్యాక్, 0217 ఆస్తి రిజిస్టర్‌లో ఆ పెట్టె నంబర్. ఇది హెక్స్ కాబట్టి 0217 అంటే లెక్క ప్రకారం 217 కాదు, కానీ మన కంటికి చదవడానికి వీలుగా ఉంటుంది, అది చాలు. హోస్ట్‌నేమ్‌ను నాలుగో పద్ధతిలో పెట్టేవాళ్ళు ఉన్నారు. నాకు నచ్చదు, హోస్ట్‌నేమ్‌లు మారుతుంటాయి, మారాక పాత పేరు ఇంజిన్ ఐడీలో దెయ్యంలా మిగిలి ఉంటుంది.

12 బైట్లు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, సిస్కో ఐఓఎస్‌లో (సిస్కో మామూలు స్విచ్‌లు, రౌటర్ల సాఫ్ట్‌వేర్) ఒక ఉచ్చు ఉంది. చివరి సున్నాలు రాయకపోయినా పర్వాలేదు, 24 హెక్స్ అంకెలు వచ్చేదాకా అదే సున్నాలు నింపుకుంటుంది. 1234 అని ఇస్తే 1234 తర్వాత ఇరవై సున్నాలు. ఇప్పుడు ఎవరైనా స్విచ్‌లకు వరసగా నంబర్లు ఇస్తూ ఒకదానికి చివర 1, ఇంకోదానికి చివర 10, మరోదానికి 100 అని పెట్టారనుకోండి. చూడ్డానికి మూడు వేర్వేరు ఐడీలు. నింపాక మూడూ ఒకటే! కాబట్టి ఎప్పుడూ పూర్తి పొడవు రాయండి, రాశాక 'షో ఎస్ఎన్ఎంపీ ఇంజిన్ఐడీ'తో అది ఏం అర్థం చేసుకుందో చూడండి.

సరే, మీ నలభైని సరిచేసే పని. ఒకదానిలో ప్రయోగం చేసి, అది బాగుందని తేలాకే మిగతావి ముట్టుకోండి. ముందు ఆ డివైస్‌కు అలర్ట్‌లు ఆపండి, లేకపోతే అనవసరపు టెన్షన్. స్విచ్‌లో లోకల్ ఇంజిన్ ఐడీ లైన్‌ను 'నో' పెట్టి తీసేస్తే డిఫాల్ట్ తిరిగి వస్తుంది. ఆ క్షణమే పాత యూజర్లందరూ పనికిరాకుండా పోతారు. లిస్ట్‌లో వాళ్ళ పేర్లు ఇంకా కనిపించవచ్చు, నమ్మకండి. యూజర్‌ను తీసేసి, గ్రూప్ అలాగే ఉంచి, పాస్‌వర్డ్‌లు టైప్ చేసి యూజర్‌ను మళ్ళీ తయారు చేయండి. పాస్‌వర్డ్ కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. వరస ముఖ్యం: ఇంజిన్ ఐడీ ముందు, యూజర్ తర్వాత. తిరగేసి చేస్తే మొదటికే వస్తారు. తర్వాత మానిటరింగ్ సర్వర్‌లో ఆ డివైస్‌కు రీడిస్కవరీ చేయండి. నలభై పూర్తయ్యాక సర్వర్ సర్వీస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేస్తే పాత జ్ఞాపకాలు పూర్తిగా పోతాయి.

ఐఓఎస్‌లో ఇంకో సంగతి, వీ3 యూజర్లు రన్నింగ్ కాన్ఫిగ్‌లో కనబడరు. మీరు రోజూ తీసే బ్యాకప్‌లో వాళ్ళు లేరన్నమాట. పెట్టె పాడై కొత్తది పెట్టి బ్యాకప్ ఎక్కించిన రోజున అంతా ఉండి యూజర్ మాత్రం ఉండడు. ఎన్ఎక్స్-ఓఎస్‌లో కనబడతారు గానీ లోకలైజ్డ్ కీతో, అది కొత్త పెట్టెకు పనికిరాదు. ఏ విధంగా చూసినా పాస్‌వర్డ్‌లను బ్యాకప్ ఫైళ్ళలో కాకుండా వేరే భద్రమైన చోట దాచి, టెంప్లేట్ వేసేటప్పుడు అక్కడి నుంచి తెచ్చి నింపడమే దారి. జూనిపర్‌లో కూడా ఇంజిన్ ఐడీ మార్చాక అథెంటికేషన్, ప్రైవసీ పాస్‌వర్డ్‌లు మళ్ళీ ఇవ్వాలి.

పెట్టె మార్చడం గురించే ఇంకొక్క మాట. ఇంజిన్ ఐడీని చేత్తో పెట్టుకునేవాళ్ళు కొత్త పెట్టెకూ అదే ఐడీ ఇస్తారు, సంతోషం. కానీ కొత్త పెట్టె బూట్స్ 1 నుంచి మొదలవుతుంది, సర్వర్ జ్ఞాపకంలో 41 ఉంది. పైన చెప్పిన కథే, ఈసారి ఒక్క డివైస్‌తోనే. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఇదే జరగవచ్చు. సర్వర్‌లో ఆ డివైస్ తాలూకు క్యాష్ తుడిస్తే సరిపోతుంది. (బూట్స్ లెక్కకు పై హద్దు 2,14,74,83,647. అంతవరకూ రీబూట్ చేసే ఓపిక ఉన్న స్విచ్‌ను నేను చూడలేదు. ఆ అంకె మీకు నిజంగా కనిపిస్తే, డివైస్ తన పాత లెక్క పోగొట్టుకుని చేతులెత్తేసిందని అర్థం. అప్పుడు ఆ ఇంజిన్‌తో అథెంటికేషన్ సాగదు, మనం కొత్తగా సెట్ చేయాల్సిందే.)

ఇక లైనక్స్ మెషీన్లు, ట్రాప్‌లు. ఇక్కడ ముందు ఒక విషయం తలకెక్కాలి: ఎవరి ఇంజిన్ ఐడీతో కీ తయారవుతుంది అనేది మెసేజ్‌ను బట్టి మారుతుంది. సర్వర్ అడిగి డివైస్ చెప్పేటప్పుడు డివైస్ ఐడీ. డివైస్ తనంతట తాను ట్రాప్ పంపేటప్పుడు కూడా డివైస్ ఐడీనే, ఎందుకంటే ట్రాప్‌కు జవాబు ఉండదు, ముందుగా మాట్లాడుకునే వీలు లేదు. అదే ఇన్‌ఫార్మ్ అయితే అందుకున్నవాళ్ళు జవాబివ్వాలి కనుక అందుకునేవాళ్ళ ఐడీ. పోలింగ్‌లో సర్వర్ ఖాళీ ఇంజిన్ ఐడీతో తలుపు తట్టి, డివైస్ 'అన్‌నోన్ ఇంజిన్ ఐడీ' అనే రిపోర్ట్‌లో తన ఐడీ చెబితే నేర్చుకుంటుంది. ట్రాప్‌లో ఆ అవకాశం లేదు. కాబట్టి ట్రాప్ అందుకునే వైపు ప్రతి పంపేవాడి ఇంజిన్ ఐడీనీ ముందే రాసి ఉంచాలి.

నెట్-ఎస్ఎన్ఎంపీ ట్రాప్ రిసీవర్‌లో క్రియేట్‌యూజర్ లైన్‌లో మైనస్ ఇ ఆప్షన్ పెట్టి, పంపే మెషీన్ ఇంజిన్ ఐడీ ఇవ్వాలి. పది మెషీన్లు ఉంటే పది లైన్లు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒకటే అయినా సరే. మీ కాన్ఫిగ్‌లో ఆ ఆప్షన్ లేకుండా ఒకే లైన్ ఉందని రాశారు, అది రిసీవర్ సొంత ఐడీకి కట్టుబడిన యూజర్, ఇన్‌ఫార్మ్‌లకు పనికొస్తుంది, ట్రాప్‌లకు కాదు. పది లైన్లు రాయడం విసుగనిపిస్తే ట్రాప్‌ల బదులు ఇన్‌ఫార్మ్‌లు పంపండి. అప్పుడు రిసీవర్ ఐడీ ఒక్కటే అందరికీ. అందినట్టు రసీదు కూడా వస్తుంది. సిస్కో నుంచి ఇన్‌ఫార్మ్ పంపేటట్టయితే ముందు రిమోట్ ఇంజిన్ ఐడీ, ఆ తర్వాత రిమోట్ యూజర్, ఈ వరసలోనే ఇవ్వాలి. స్క్రిప్ట్‌లో నుంచి ఎస్ఎన్ఎంపీట్రాప్ కమాండ్‌తో పంపేవాళ్ళు అక్కడా మైనస్ ఇతో ఐడీ ఇచ్చేయండి, డీమన్ (వెనకాల ఎప్పుడూ నడిచే ఎస్ఎన్ఎంపీ ప్రోగ్రామ్) వాడే ఐడీనే ఆ కమాండ్ కూడా వాడుతుందని అనుకోవద్దు.

ఆ లైనక్స్ మెషీన్లు ఒకే ఇమేజ్ నుంచి వచ్చినవైతే నా పాత కథే మీదీ. నెట్-ఎస్ఎన్ఎంపీ మొదటిసారి లేచినప్పుడు 8072 నంబర్‌తో, యాదృచ్ఛిక సంఖ్య, సమయం కలిపి ఒక ఐడీ తయారు చేసుకుని ఫైల్‌లో దాచుకుంటుంది. ఆ ఐడీ 80 00 1ఎఫ్ 88 80 అని మొదలవుతుంది. దాచే ఫైల్ మీరు ఎడిట్ చేసే కాన్ఫిగ్ ఫైల్ కాదు, అదే పేరుతో వార్ డైరెక్టరీ కింద లిబ్‌లో ఉండే ఇంకోటి. అందులో ఓల్డ్‌ఇంజిన్‌ఐడీ అనే లైన్, లోకలైజ్ అయిన కీలతో యూఎస్ఎంయూజర్ లైన్లు ఉంటాయి. ముందు డీమన్ ఆపండి. ఇది మరిచిపోతే మీరు చేసిన మార్పు మీద అది ఆగేటప్పుడు తన పాత లెక్క రాసేస్తుంది, నేను రెండుసార్లు ఇలాగే మోసపోయాను. ఆపాక ఆ లైన్లు తీసేసి, క్రియేట్‌యూజర్ లైన్ మళ్ళీ రాసి లేపండి. డీమన్ కొత్త ఐడీ తయారు చేసుకుని, ఆ లైన్‌ను మింగేసి కీలుగా మార్చుకుంటుంది. ఇమేజ్ తయారు చేసే పద్ధతిలోనే ఆ ఫైల్‌ను చివర్లో తుడిచే అడుగు ఒకటి చేర్చేయండి. మ్యాక్ నుంచి రావాలనుకుంటే ఇంజిన్‌ఐడీటైప్ 3 అని పెట్టి, ఏ నెట్‌వర్క్ కార్డో ఇంజిన్‌ఐడీనిక్‌తో చెప్పండి. ఏమీ చెప్పకపోతే అది ఈత్0 అనుకుంటుంది, ఇప్పటి లైనక్స్‌లలో ఆ పేరుతో కార్డు ఉండకపోవడమే ఎక్కువ.

మీరు చివర్లో అడిగిన 'ఇంజిన్ ఐడీ బయటపడితే ప్రమాదమా' అన్నదానికి: అది రహస్యం కాదు, రహస్యంగా ఉంచడం కుదరదు కూడా. పాస్‌వర్డ్ తెలియనివాడు ఖాళీ ప్రశ్న పంపినా డివైస్ తన ఐడీ, బూట్స్, టైమ్ చెప్పేస్తుంది, ప్రోటోకాల్ నడిచే తీరే అది. దాన్నుంచి ఏ కంపెనీ పెట్టె, మ్యాక్ ఎంత, ఎప్పుడు రీబూట్ అయింది అన్నీ తెలుస్తాయి. 2021లో కొందరు పరిశోధకులు ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 అడ్రస్‌లన్నిటికీ ఇలాంటి ప్రశ్నలు పంపి, వేర్వేరు ఐపీలు ఒకే రౌటర్‌వి అని ఈ మూడు వివరాలతోనే జత కలిపి చూపించారు. ఇంజిన్ ఐడీని వింత వింతగా రాసి దాచాలని చూడటం కన్నా, యూడీపీ 161 పోర్ట్‌కు మానిటరింగ్ సర్వర్ ఐపీ నుంచి తప్ప ఎవరూ రాకుండా యాక్సెస్ లిస్ట్ పెట్టండి.

మొదటి స్విచ్‌లో మార్పు చేశాక రాంగ్ డైజెస్ట్స్ లెక్క ఇంకా పెరుగుతుంటే యూజర్‌ను ఐడీ కంటే ముందు తయారు చేసి ఉంటారు. నాట్ ఇన్ టైమ్ విండోస్ పెరుగుతుంటే సర్వర్ క్యాష్ ఇంకా తుడవలేదు. అన్‌నోన్ యూజర్ నేమ్స్ అయితే యూజర్ అసలు ఎక్కలేదు. ఈ మూడు అంకెలూ, ఇంజిన్ ఐడీ ఔట్‌పుట్‌తో కలిపి ఇక్కడ పెట్టండి, చూస్తాను.